స్పానిష్ వాళ్ళు, పోర్చుగీసు వాళ్ళు: ఎక్కడినుంచి వచ్చారు, ఏం చేశారు? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం జిల్లా. చిన్నప్పటినుంచి మా వైపు ఊళ్ళకి స్పెయిన్ వాళ్ళు వస్తూ పోతూ ఉండటం చూశాం, ఎందుకొచ్చేవాళ్ళో ఆఖర్లో చెప్తా. అలా మొదలైన ఆసక్తి ఇప్పటికీ వదల్లేదు. ఫ్రెండ్స్, చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు అప్పుడప్పుడు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నా. ముందే ఒక మాట. ఈ రెండు జాతుల కథ అనగానే అందరికీ ఓడలు, బంగారం, కొలంబస్ గుర్తొస్తాయి కానీ నా లెక్కలో అది సగం కథే, మిగతా సగం సొంత ఇంట్లో ఉన్న మనుషుల్లో ఎవర్ని ఉంచుకున్నారు ఎవర్ని వెళ్ళగొట్టారు అనేది, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాశా.

స్పానిష్ వాళ్ళూ పోర్చుగీసు వాళ్ళూ ఒకటేనా?

కాదండి. పక్కపక్క ఇళ్ళు, అంతే. రెండూ ఐబీరియా అనే ఒకే ద్వీపకల్పంలో ఉన్నాయి, రెండు భాషలూ లాటిన్ నుంచే పుట్టాయి, కానీ 1143 నుంచి లెక్కేస్తే మధ్యలో ఒక్క 60 ఏళ్ళు తప్పితే ఎప్పుడూ వేరువేరు రాజ్యాలే. మధ్య బార్డర్ సుమారు 1,200 కిలోమీటర్లు ఉంటుంది, దాన్ని 1297లో ఆల్కనీసెస్ అనే ఊళ్ళో ఒప్పందం రాసుకుని గీశారు, చిన్న చిన్న మార్పులు తప్ప ఇప్పటికీ అదే గీత. యూరప్‌లో ఇంత పాత బార్డర్లు చాలా తక్కువ.

ఇంకో సంగతి, స్పెయిన్ లోపల కూడా అందరూ ఒకటి కాదు. కాస్టిల్ వాళ్ళు, కటలాన్లు, గలీసియా వాళ్ళు, బాస్కులు, అండలూసియా వాళ్ళు, ఎవరి యాస వాళ్ళది, కొందరికైతే భాషే వేరు. మనం స్పానిష్ అనేది అసలు కాస్టిల్ ప్రాంతం భాష, అక్కడ చాలామంది ఇప్పటికీ దాన్ని కాస్తెయానో అనే అంటారు. గలీసియా భాష అయితే స్పానిష్ కన్నా పోర్చుగీసుకే దగ్గర, ఎందుకంటే ఒకప్పుడు ఆ రెండూ ఒకే భాష.

వాళ్ళ పూర్వీకులు ఎవరు మరి?

ఒక్కరు కాదు. ఉత్తర స్పెయిన్‌లో ఆల్తమీరా అనే గుహ ఉంది, దాని పైకప్పు మీద వేల ఏళ్ళ కిందటి మనుషులు అడవిదున్నల బొమ్మలు గీశారు. 1879లో తండ్రితో పాటు వెళ్ళిన ఎనిమిదేళ్ళ పాప తల పైకెత్తి చూసి చెప్తే గానీ అవి బయటపడలేదు, ఆ తర్వాత కూడా పండితులు చాలా ఏళ్ళు నమ్మలేదు, ఆదిమానవులు ఇంత బాగా గీస్తారా అని.

తర్వాత తూర్పు తీరంలో ఐబీరియన్లు, ఉత్తరాన పడమరన కెల్టులు, మధ్యలో ఇద్దరూ కలిసిపోయినవాళ్ళు. లెబనాన్ వైపు నుంచి ఫినీషియన్లు ఓడల్లో వచ్చి కాదిజ్ ఊరు కట్టారు, పడమటి యూరప్‌లో జనం ఆగకుండా కాపురం ఉంటున్న అతి పాత నగరాల్లో అదొకటి. గ్రీకులొచ్చారు, కార్తేజ్ వాళ్ళొచ్చారు, క్రీ.పూ. 218లో కార్తేజ్‌ని తరుముకుంటూ రోమ్ సైన్యం వచ్చింది. వచ్చింది గానీ మొత్తం లొంగదీసుకోడానికి 200 ఏళ్ళు పట్టింది. ఇప్పటి పోర్చుగల్ వైపు లుసితానియన్లకి విరియాతో అనే నాయకుడు ఉండేవాడు, రోమ్ సేనాపతుల్ని ఏళ్ళ తరబడి ఏడిపించాడు, చివరికి క్రీ.పూ. 139లో సొంత మనుషుల చేతే చంపించారు. స్పెయిన్ వైపు నుమాన్సియా అనే ఊరు క్రీ.పూ. 133లో ముట్టడిలో ఆకలితో మాడి కూలిపోయింది. ఈ రెండు కథలూ అక్కడి పిల్లలకి మనకి పల్నాటి కథ లాగా తెలుసు.

రోమ్ వాళ్ళ వల్ల ఏం మిగిలింది?

భాష. రోడ్లు, వంతెనలు, సెగోవియాలో నీళ్ళు తెచ్చే ఆ రాతి తోరణాలు అన్నీ ఉన్నాయి కానీ అన్నిటికన్నా పెద్దది భాషే. లాటిన్ ఒక్కటే, అది రెండు చోట్ల ఎలా మారిందో చూడండి: చంద్రుణ్ణి లాటిన్‌లో లూనా అంటారు, స్పానిష్‌లో లూనాగానే ఉండిపోయింది, పోర్చుగీసులో మధ్యలో ‘న’ కరిగిపోయి లూఅ అయింది. పిండి అంటే ఫరీనా, స్పానిష్‌లో మొదటి ‘ఫ’ పోయి అరీనా అయింది, పోర్చుగీసులో ఫరిన్య. ఇలా వందల మాటలు.

పైగా ఈ ప్రాంతం ఊరికే తీసుకోవడమే కాదు, రోమ్‌కి మనుషుల్ని కూడా ఇచ్చింది. ట్రాజన్ చక్రవర్తి పుట్టింది సెవిల్ పక్కన ఇతాలికాలో, తత్వవేత్త సెనెకాది కోర్డోబా.

బాస్కులు కూడా ఆ కుటుంబమేనా?

కాదు. బాస్క్ భాషకి లాటిన్‌తోనే కాదు, యూరప్‌లో బతికున్న ఏ భాషతోనూ చుట్టరికం తేలలేదు. రోమ్ వాళ్ళు రాకముందు నుంచి ఉన్న భాషల్లో బతికి బట్టకట్టింది అదొక్కటే. నాకైతే అది పెద్ద అద్భుతం.

రోమ్ పోయాక?

409లో స్వేవీలు, వాండల్స్, ఆలన్స్ అనే తెగలు కొండలు దాటి వచ్చిపడ్డాయి. స్వేవీలు ఇప్పటి పోర్చుగల్ ఉత్తరాన బ్రాగా రాజధానిగా రాజ్యం పెట్టుకున్నారు. తర్వాత విసిగోతులు టొలీడో రాజధానిగా దాదాపు మొత్తం ఏలారు, 589లో వాళ్ళ రాజు రెకారెద్ కాలంలో రాజ్యం క్యాథలిక్ అయింది. గోతులు రాజులైనా జనం భాష మాత్రం లాటినే.

ముస్లింలు 800 ఏళ్ళు స్పెయిన్‌ని ఏలారు అంటారు, నిజమేనా?

సగం నిజం. 711లో తారిఖ్ ఇబ్న్ జియాద్ ఉత్తర ఆఫ్రికా నుంచి జలసంధి దాటి వచ్చాడు (జిబ్రాల్టర్ అంటే జబల్ తారిఖ్, తారిఖ్ కొండ అని), గోతు రాజు రొడెరిక్‌ని ఓడించాడు, ఏడెనిమిదేళ్ళలో దాదాపు ద్వీపకల్పం అంతా చేతికొచ్చింది. 1492 జనవరి 2న గ్రనాడా పోయింది. లెక్క ప్రకారం 781 ఏళ్ళు. కానీ అన్ని ఏళ్ళూ అన్ని చోట్లా కాదు. టొలీడో 1085లో పోయింది, లిస్బన్ 1147లో, కోర్డోబా 1236లో, సెవిల్ 1248లో, పోర్చుగల్ దక్షిణ కొస 1249లో. చివరి రెండొందల యాభై ఏళ్ళూ గ్రనాడా ఒక్కటే మిగిలింది.

బాగా వెలిగింది 10వ శతాబ్దంలో. 929లో కోర్డోబా పాలకుడు మూడో అబ్దుర్ రహ్మాన్ తనే ఖలీఫా అని ప్రకటించుకున్నాడు, అప్పటి కోర్డోబా ముందు పారిస్, లండన్ పల్లెటూళ్ళే. తర్వాత 1126లో తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ పుట్టింది అక్కడే, కొన్నేళ్ళకి యూదు పండితుడు మైమోనిడీస్ పుట్టింది కూడా అక్కడే. టొలీడో క్రైస్తవుల చేతికి వచ్చాక అక్కడ అరబ్బీ పుస్తకాలు లాటిన్‌లోకి తర్జుమా చేసేవాళ్ళు గుంపులుగా చేరారు, ముస్లిం, యూదు, క్రైస్తవ పండితులు పక్కపక్కన కూర్చుని పని చేశారు, యూరప్‌కి ఖగోళం, వైద్యం, గణితం చాలావరకు ఆ దారిలోనే వెళ్ళింది. మన అంకెలు కూడా! 976లో ఉత్తర స్పెయిన్‌లో ఒక మఠంలో సన్యాసి రాసిన ప్రతిలో 1 నుంచి 9 దాకా అంకెలు ఉన్నాయి, పడమటి యూరప్‌లో దొరికిన వాటిలో అదే పాతది, అవి భారతదేశం వాళ్ళ తెలివి అని ఆయనే మెచ్చుకుంటూ రాశాడు.

భాషలో ఆ ముద్ర ఇప్పటికీ ఉంది. పత్తి, బియ్యం, నూనె, దిండు, నీటి కాలువ, ఇవన్నీ స్పానిష్‌లో అరబ్బీ మాటలే. పంచదారని అసూకర్ అంటారు, అది అరబ్బీ సుక్కర్, దాని వెనక మన శర్కర. దేవుడి దయ వల్ల అలా జరిగితే బాగుణ్ణు అనడానికి స్పెయిన్‌లో ఓఖలా, పోర్చుగల్‌లో ఓషలా అంటారు, అందులో ఉన్నది అల్లా పేరే, చర్చికెళ్ళే ముసలావిడ కూడా అదే అంటుంది. వాలెన్సియాలో కాలువ నీళ్ళ తగాదాలు తీర్చే రైతు కోర్టు ఒకటుంది, ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండుకి కెథీడ్రల్ గుమ్మం ముందు కూర్చుంటుంది, జడ్జీలు రైతులే, వాదనంతా నోటి మాటే. ఆ పద్ధతి అరబ్బుల కాలం నాటిదని చెప్తారు. కాలువ చివరి పొలం రైతు బాధ తెలిసిన మనవాళ్ళెవరైనా అక్కడికెళ్తే ముందు అదే చూడాలి.

అంటే అప్పుడు మతాల మధ్య గొడవలే లేవా? లేక మొత్తం యుద్ధమేనా?

రెండూ కాదు. కలిసి బతికారు, కొట్టుకున్నారు, పన్నులు గుంజుకున్నారు, అవసరమైతే చేతులు కలిపారు. ఎల్ సిద్ అని స్పెయిన్ వాళ్ళ వీరుడు ఉన్నాడు కదా, ఆయన కాస్టిల్ రాజు దగ్గర చేశాడు, రాజు వెళ్ళగొడితే సరగోసా ముస్లిం రాజు కొలువులో ఏళ్ళ తరబడి చేశాడు, చివరికి 1094లో వాలెన్సియా తనే పట్టుకుని ఏలుకున్నాడు. ముందునుంచీ చివరిదాకా ఇది రెండు మతాల యుద్ధం అని చెప్పేది తర్వాత కాలం వాళ్ళు అల్లిన కథ. అలాగని స్వర్గం కూడా కాదు, 1066లో గ్రనాడాలో యూదుల్ని ఊచకోత కోశారు, 1391లో సెవిల్‌లో మొదలై ఎన్నో ఊళ్ళలో క్రైస్తవులు అదే పని చేశారు.

యూదులకి ఏమైంది?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, నేను మాత్రం ఎక్కువ చెప్తా.

యూదులు అక్కడ రోమ్ కాలం నుంచి ఉన్నారు. స్పెయిన్‌ని హీబ్రూలో సెఫరాద్ అంటారు, అందుకే వాళ్ళు సెఫార్దీలు. వైద్యులు, చేతిపనివాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు, కవులు. 1391 గొడవల తర్వాత చాలామంది ప్రాణభయంతో క్రైస్తవం తీసుకున్నారు. అయినా వదల్లేదు, 1449లో టొలీడోలో ఒక కట్టడి పెట్టారు, యూదు పుట్టుక ఉన్నవాడు క్రైస్తవుడైనా సరే ఊరి పదవులకి పనికిరాడు అని. దాని పేరే రక్తశుద్ధి. మతం మారినా పుట్టుక మారదు అనే మాట మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. 1478లో ఇంక్విజిషన్‌కి, అంటే చర్చి విచారణ కోర్టుకి, పోప్ అనుమతి వచ్చింది, మారినవాళ్ళు ఇంట్లో చాటుగా పాత పూజలు చేస్తున్నారా అని వెతకడం దాని పని, శుక్రవారం సాయంత్రం దీపం పెట్టారా, పంది మాంసం తినట్లేదా అని పక్కింటివాళ్ళు పితూరీలు చెప్పేవాళ్ళు.

1492 మార్చి 31న ఇసబెల్ రాణి, ఫెర్నాండో రాజు ఆజ్ఞ ఇచ్చారు, జూలై ఆఖరుకల్లా యూదులు మతం మారాలి లేదా దేశం వదలాలి. బంగారం, వెండి, నాణేలు తీసుకెళ్ళకూడదు. ఇళ్ళు, ద్రాక్షతోటలు కారుచౌకగా అమ్ముకుని నడిచి వెళ్ళారు. చాలామంది పోర్చుగల్ వెళ్తే అక్కడి రాజు తలకింత అని డబ్బు కట్టించుకుని రానిచ్చాడు, 1496లో తర్వాతి రాజు మనుయెల్ అక్కడా వెళ్ళగొట్టే ఆజ్ఞ ఇచ్చి, మళ్ళీ వెళ్ళనివ్వకుండా 1497లో బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. 1506లో లిస్బన్‌లో అలా మారినవాళ్ళని వందల మందిని వీధుల్లో చంపారు. టర్కీ సుల్తాన్ రెండో బయజీద్ తన దేశంలోకి రానిచ్చాడు, ఇస్తాంబుల్, సలోనికా ఊళ్ళలో వాళ్ళ మనవలు, మునిమనవలు నిన్నమొన్నటిదాకా 15వ శతాబ్దం నాటి స్పానిష్ మాట్లాడుతూనే ఉన్నారు, లదీనో అంటారు దాన్ని. వెళ్ళగొట్టిన దేశం భాషని ఐదొందల ఏళ్ళు ఇంట్లో దాచుకున్నారంటే ఎంత ప్రేమ ఉండాలి చెప్పండి. పోర్చుగల్ కొండల్లో బెల్మోంతె అనే ఊళ్ళో కొన్ని కుటుంబాలు 20వ శతాబ్దం దాకా తలుపులేసుకుని చాటుగా ఆచారాలు కాపాడుకున్నాయి.

ముస్లింలకీ అదే జరిగింది. గ్రనాడా లొంగేటప్పుడు మీ మతం మీరు ఉంచుకోండి అని రాసిచ్చారు, పదేళ్ళు తిరక్కుండానే మాట తప్పారు. బలవంతంగా మార్చినవాళ్ళని (మోరిస్కోలు అంటారు) కూడా 1609 నుంచి 1614 మధ్య సుమారు మూడు లక్షల మందిని ఓడలెక్కించి ఆఫ్రికాకి తోలేశారు. వాలెన్సియా వైపు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి, పొలాలు బీడు పడ్డాయి.

2015లో స్పెయిన్, పోర్చుగల్ రెండూ సెఫార్దీల వారసులకి పౌరసత్వం ఇచ్చే చట్టాలు తెచ్చాయి.

పోర్చుగల్ ఎలా విడిపోయింది? చిన్నది కదా, స్పెయిన్ మింగేయలేదా?

విడిపోవడం కాదు, అప్పటికి స్పెయిన్ అనే దేశమే లేదు. లెయోన్, కాస్టిల్, ఆరగాన్, నవార్, ఇలా రాజ్యాలు ఉండేవి, పోర్చుగల్ లెయోన్ కింద ఒక జిల్లా లాంటిది, పోర్టో దగ్గర నదీ రేవు పోర్తుకాలె నుంచి ఆ పేరొచ్చింది. అఫోన్సో హెన్రీకెస్ అనే కుర్రాడు 1128లో గిమారాయెన్స్ దగ్గర సొంత తల్లి తెరేజా సైన్యం మీదే యుద్ధం చేసి గెలిచి అధికారం తీసుకున్నాడు, 1143లో లెయోన్ రాజు ఆయన్ని రాజుగా ఒప్పుకున్నాడు, 1179లో పోప్ ముద్ర పడింది. స్పెయిన్‌లో కాస్టిల్, ఆరగాన్ దగ్గరయ్యింది 1469లో ఇసబెల్, ఫెర్నాండో పెళ్ళితో. అంటే పోర్చుగలే మూడొందల ఏళ్ళు పెద్దది!

మింగాలని మాత్రం చూశారు. 1385లో కాస్టిల్ రాజు పెద్ద సైన్యంతో వస్తే అల్జుబరోతా దగ్గర పోర్చుగీసు వాళ్ళు చిన్న సైన్యంతో చిత్తు చేశారు. మరుసటేడు ఇంగ్లండ్‌తో స్నేహ ఒప్పందం రాసుకున్నారు, అది ఇప్పటికీ చెల్లుతుంది.

మరి ఆ 60 ఏళ్ళ సంగతి?

పోర్చుగల్ రాజు సెబాస్తియావ్ 24 ఏళ్ళకే మొరాకో మీదికి సైన్యం వేసుకుని వెళ్ళి 1578లో అక్కడే పోయాడు, పిల్లల్లేరు. 1580లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ నాకూ వంతుంది అని సైన్యం పంపి సింహాసనం తీసుకున్నాడు. జనం మాత్రం సెబాస్తియావ్ చావలేదు, పొగమంచు కమ్మిన ఒక పొద్దున తిరిగొస్తాడు అని తరాల తరబడి ఎదురుచూశారు. 1640లో కటలోనియా మాడ్రిడ్ మీద తిరగబడింది, సైన్యం అటు పోయింది, ఆ సందు చూసి డిసెంబర్ 1న లిస్బన్‌లో పెద్దలు లేచి బ్రగాన్సా ప్రభువుని రాజు చేశారు. స్పెయిన్ ఒప్పుకోడానికి 1668 దాకా పట్టింది. స్పెయిన్ నుంచి మంచి గాలీ రాదు, మంచి సంబంధమూ రాదు అని పోర్చుగల్‌లో ఇప్పటికీ సామెత.

పది లక్షల జనం ఉన్న దేశం సగం ప్రపంచం ఎలా తిరిగింది?

వెనక కాస్టిల్, ముందు అట్లాంటిక్, వెళ్ళడానికి సముద్రం తప్ప దారి లేదు. 1415లో ఆఫ్రికా కొసన సియుటా పట్టుకున్నారు, తర్వాత దీవులు, 1434లో ఆఫ్రికా పడమటి తీరంలో బొజదోర్ అగ్రం దాటారు, 1488లో బర్తొలొమెయు దియాస్ ఆఫ్రికా కింది కొస చుట్టి చూశాడు. దీంట్లో పెద్ద తెలివి ఓడ కాదు, గాలిని చదవడం: తిరిగి ఇంటికి రావాలంటే తీరం పట్టుకుని రాకూడదు, బాగా పడమరకి సముద్రంలోకి వెళ్ళి అక్కడ గాలి పట్టుకుని తిరగాలి అని కనిపెట్టారు. 1500లో కబ్రాల్ ఇండియాకి వస్తూ అలా పడమరకి వెళ్ళే బ్రెజిల్ తీరం తాకాడు. అప్పటికే 1494లో తోర్దెసియాస్‌లో స్పెయిన్, పోర్చుగల్ కూర్చుని కేప్ వెర్ద్ దీవులకి పడమరగా 370 లీగుల దూరంలో గీత గీసి ప్రపంచాన్ని పంచేసుకున్నారు, ఆ ప్రపంచంలో ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

1498 మేలో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. జామోరిన్ రాజుకి ఇవ్వడానికి తెచ్చిన కానుకలు చూడండి: చారల బట్ట, టోపీలు, పగడాల దండలు, చేతులు కడుక్కునే పళ్ళేలు, పంచదార, నూనె, తేనె. రాజుగారి మనుషులు నవ్వారు, మక్కా నుంచి వచ్చే పేద వర్తకుడు కూడా ఇంతకన్నా మంచివి తెస్తాడు అని. వాళ్ళ దగ్గర అమ్మడానికి సరుకు లేదు, ఫిరంగులు మాత్రం ఉన్నాయి. అందుకే 1502లో మళ్ళీ వచ్చినప్పుడు గామా మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని ఆడవాళ్ళు పిల్లలతో సహా తగలబెట్టాడు. ఆ తర్వాత హిందూ మహాసముద్రంలో ఎవరి ఓడ తిరగాలన్నా పోర్చుగీసు చీటీ కొనుక్కోవాల్సిందే.

అమెరికాలో స్పెయిన్ వాళ్ళు కొద్దిమందే కదా, అంత పెద్ద రాజ్యాల్ని ఎలా గెలిచారు?

ఒక్కళ్ళే గెలవలేదు. 1521లో మెక్సికో నగరం టెనోచ్టిట్లాన్ పడినప్పుడు స్పెయిన్ నాయకుడు కొర్తెస్ వెనక పక్క రాజ్యం త్లస్కాలా యోధులు వేల మంది ఉన్నారు, ఆజ్టెక్కుల మీద వాళ్ళకి పాత కక్ష. దానికన్నా ముందే మశూచి ఊళ్ళో చాలామందిని చంపేసింది. పెరూలో 1532లో పిసార్రో ఇంకా రాజు అతవాల్పాని మోసంతో పట్టుకుని, గది నిండా బంగారం తీసుకుని కూడా గొంతు బిగించి చంపించాడు. రోగాలు, వెట్టిచాకిరీ కలిసి వందేళ్ళలో అక్కడి జనాభాలో అత్యధిక భాగాన్ని తుడిచేశాయి.

స్పెయిన్ లోపలే దీన్ని తప్పన్నవాళ్ళూ ఉన్నారు, అది చెప్పకపోతే అన్యాయం. 1511లో హిస్పానియోలా దీవిలో మొంతెసినోస్ అనే సన్యాసి దొరలందరూ ఉన్న చర్చిలో లేచి, వీళ్ళు మనుషులు కారా అని అడిగాడు. బర్తొలొమె దె లస్ కాసాస్ అనే మతగురువు జీవితమంతా దాని మీదే పోరాడాడు. కానీ మొదట్లో ఆయనే వీళ్ళ బదులు ఆఫ్రికా బానిసల్ని తెప్పించుకోండి అన్నాడు, తర్వాత అది తప్పని పశ్చాత్తాపపడ్డాడు.

బానిస వ్యాపారంలో వీళ్ళ పాత్ర ఎంత?

చాలా ఎక్కువ, ముఖ్యంగా పోర్చుగల్, బ్రెజిల్. 1444లోనే పోర్చుగల్ లాగోస్ రేవులో ఆఫ్రికా మనుషుల్ని ఓడ నుంచి దించి, తల్లి ఒక వాటాకి బిడ్డ ఒక వాటాకి పంచుకున్నారు. అట్లాంటిక్ దాటించిన సుమారు కోటీ పాతిక లక్షల మందిలో దాదాపు సగం మందిని ఎక్కించుకెళ్ళింది పోర్చుగల్, బ్రెజిల్ ఓడలే. స్పెయిన్ కింద ఉన్న క్యూబాలో బానిసత్వం పోయింది 1886లో, బ్రెజిల్‌లో 1888లో. పోర్చుగల్‌లో నావికుల గురించి గర్వంగా చెప్పుకునే చోట ఈ సంగతి చాలాకాలం మాట్లాడలేదు, ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నారు.

బుడతకీచులు అంటే వీళ్ళేనా? మన తెలుగువాళ్ళతో సంబంధం ఏంటి?

అవును, పోర్చుగీసు వాళ్ళని మన పాత తెలుగులో అలాగే అనేవాళ్ళు. 1510లో వాళ్ళ సేనాని అల్బుకెర్క్ గోవా పట్టుకున్నాక విజయనగరానికి అరబ్బు గుర్రాలు వాళ్ళ చేతిమీదుగానే వచ్చేవి. 1520లో రాయచూరు కోట దగ్గర కృష్ణదేవరాయల సైన్యంలో ఫిగెయిరెదో అనే పోర్చుగీసు ఆయన కొద్దిమంది తుపాకీ వాళ్ళతో కోటగోడ మీద ఉన్నవాళ్ళని గురిచూసి కొట్టాడు. దొమింగో పయస్ అప్పుడే హంపి చూసి రోమ్ అంత పెద్దది అని రాశాడు, తర్వాత గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. రాయలవారు మనిషి ఎలా ఉండేవారు, పొద్దున్నే నూనె తాగి కసరత్తు ఎలా చేసేవారు అనేది మనకి తెలిసింది పయస్ వల్లే.

వంటింట్లోకి వెళ్తే ఇంకా. మిరపకాయ, జీడిమామిడి, బొప్పాయి, జామ, అనాస, టమాటా, పొగాకు అన్నీ అమెరికా పంటలు, ఎక్కువగా ఈ ఓడల దారిలోనే మన దేశానికి చేరాయి. అంతకుముందు మనకి కారం అంటే మిరియమే. మా జిల్లా బతుకంతా ఏళ్ళ తరబడి వేరుశనగ మీదే, దాని పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికానే. మాటలు కూడా వచ్చాయి: అల్మారా, తువ్వాలు, బొత్తాం, పీపా, మేస్త్రి, పాద్రి, ఆయా, అనాస.

మంచి మాత్రమే చెప్తే సరిపోదు. 1560లో గోవాలో కూడా ఇంక్విజిషన్ పెట్టారు. గార్సియా ద ఒర్తా అని వైద్యుడు, బలవంతంగా మార్చిన యూదు కుటుంబం, గోవాలో ఉండి మన మూలికల గురించి 1563లో గొప్ప పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన పోయాక 1569లో చెల్లెల్ని కాల్చి చంపారు, 1580లో ఆయన ఎముకలు తవ్వితీసి మరీ తగలబెట్టారు.

అంత వెండి బంగారం వచ్చి కూడా స్పెయిన్ ఎందుకు పడిపోయింది?

ఇప్పటి బొలీవియాలో పొతోసి కొండలో 1545లో వెండి దొరికింది, అక్కడి ఊళ్ళనుంచి మనుషుల్ని వంతులవారీగా పట్టుకొచ్చి గనుల్లోకి దింపారు. ఆ వెండి సెవిల్‌లో దిగడమే ఆలస్యం, యుద్ధాలకి అప్పులిచ్చిన జెనోవా, జర్మనీ షావుకార్ల చేతికి పోయేది. రెండో ఫిలిప్ 1557, 1560, 1575, 1596లో అప్పు కట్టలేను అని చేతులెత్తేశాడు. ఇంట్లో ధరలు పెరిగాయి, పనితనం తెలిసిన యూదుల్ని, వ్యవసాయం తెలిసిన మోరిస్కోలని వాళ్ళే పంపేసుకున్నారు. కారణం అదొక్కటే అని చరిత్రకారులు ఒప్పుకోరు, కానీ నా మనసుకి మాత్రం అదే ముందు తడుతుంది.

లిస్బన్ భూకంపం అంత ముఖ్యమా?

1755 నవంబర్ 1, పండగ రోజు, జనమంతా చర్చిల్లో ఉన్నారు. ముందు భూకంపం, తర్వాత సునామీ, తర్వాత రోజుల తరబడి మంటలు. దేవుడు చర్చిలో ఉన్నవాళ్ళనే ఎందుకు చంపాడు అని యూరప్ అంతా కొట్టుకుంది. మంత్రి పొంబాల్ మాత్రం ఊరూరికీ ప్రశ్నలు పంపించాడు, ఎంతసేపు కదిలింది, ఎన్నిసార్లు కదిలింది, బావుల్లో నీళ్ళు ఏమయ్యాయి అని. కొత్త ఇళ్ళకి గోడల్లో చెక్క చట్రాలు పెట్టించాడు, భూమి కదిలినా విరక్కుండా.

నెపోలియన్ కాలంలో పోర్చుగల్ రాజు పారిపోయాడంటారు?

1807 నవంబర్‌లో నెపోలియన్ సైన్యం వస్తుంటే మొత్తం రాజకుటుంబం, కొలువు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళిపోయింది, 1821 దాకా సామ్రాజ్యం రియో నుంచే నడిచింది. రాజు తిరిగొచ్చాక కొడుకు పెద్రో 1822లో బ్రెజిల్‌ని స్వతంత్రం చేశాడు. అమెరికాలో స్పెయిన్ కింద ఉన్న దేశాలు చాలావరకు ఆ దశాబ్దాల్లోనే చేజారాయి, చివరికి 1898లో క్యూబా, ప్యూర్టో రికో, ఫిలిప్పీన్స్.

ఫ్రాంకో, సలజార్ ఇద్దరూ ఒకే రకమా?

ఇద్దరూ నియంతలే, వచ్చిన దారి వేరు. పోర్చుగల్‌లో 1926లో సైన్యం అధికారం తీసుకుంది, ఎకనామిక్స్ ప్రొఫెసర్ సలజార్ లెక్కలు సరిచేయడానికి వచ్చి 1932లో ప్రధాని అయ్యాడు, 1968 దాకా దిగలేదు. రహస్య పోలీసులు, సెన్సార్, పల్లెల్లో చదువు లేదు, లక్షల మంది బతకడానికి ఫ్రాన్స్ పోయారు.

స్పెయిన్‌లో మాత్రం నెత్తురు ఏరులై పారింది. 1931లో రిపబ్లిక్ వచ్చింది, 1936 జూలైలో సైన్యం తిరగబడింది, మూడేళ్ళు అన్నదమ్ములు చంపుకున్నారు, పోయినవాళ్ళు ఐదు లక్షల దాకా అని అంచనా, చివరికి తిరగబడ్డ సైన్యం నాయకుడు ఫ్రాంకో గెలిచి గద్దెనెక్కాడు. 1937 ఏప్రిల్ 26న జర్మన్, ఇటాలియన్ విమానాలు గెర్నికా అనే బాస్క్ ఊరిని కాల్చేశాయి. కవి లోర్కాని 1936లోనే కాల్చి ఎక్కడో పడేశారు, ఆయన ఎముకలు ఇప్పటికీ దొరకలేదు. అలాంటి పేరులేని గుంతలు దేశమంతా ఉన్నాయి, మనవలు ఇప్పటికీ తాతల కోసం తవ్వుతున్నారు.

ప్రజాస్వామ్యం ఎలా వచ్చింది?

పోర్చుగల్‌లో ఒక్క రోజులో. 1961 నుంచి అంగోలా, గినీ, మొజాంబిక్‌లలో యుద్ధం చేసి చేసి విసిగిపోయిన చిన్న ఆఫీసర్లు 1974 ఏప్రిల్ 25న ట్యాంకులతో లిస్బన్‌లోకి వచ్చారు, జనం తుపాకీ గొట్టాల్లో ఎర్ర కార్నేషన్ పూలు పెట్టారు. రహస్య పోలీసుల కాల్పుల్లో నలుగురు చనిపోయారు. సరిగ్గా ఏడాదికి జరిగిన ఎన్నికల్లో 90 శాతం పైన ఓటేశారు. మన గోవా 1961 డిసెంబర్ 19న విముక్తి అయినా పోర్చుగల్ దాన్ని ఒప్పుకుంది ఈ విప్లవం తర్వాతే.

స్పెయిన్‌లో ఫ్రాంకో 1975 నవంబర్ 20న మంచం మీదే పోయాడు. రాజు హువాన్ కార్లోస్, పాత ప్రభుత్వం మనుషులు, అజ్ఞాతంలో ఉన్న పార్టీలు మాట్లాడుకుని 1978లో రాజ్యాంగం తెచ్చుకున్నారు. 1986 జనవరి 1న రెండు దేశాలూ ఒకే రోజు యూరప్ కూటమిలో చేరాయి.

కటలోనియా గొడవ ఏంటి?

క్లుప్తంగా: వాళ్ళకి సొంత భాష, సొంత చట్టాలు ఉండేవి, 1714 సెప్టెంబర్ 11న బార్సిలోనా స్పెయిన్ బోర్బన్ రాజు సైన్యానికి లొంగాక ఆ చట్టాలు పోయాయి, ఫ్రాంకో కాలంలో భాషని బడుల్లోంచీ ఆఫీసుల్లోంచీ తరిమేశారు. 2017లో కోర్టు వద్దన్నా ఓటింగ్ పెట్టారు, నాయకులు జైలుకెళ్ళారు. అక్కడి జనంలోనే సగం సగం చీలిక ఉంది, రాష్ట్ర విభజన చూసిన మనకి ఆ ఇళ్ళల్లో భోజనాల దగ్గర వాదనలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

మరి అనంతపురానికి స్పెయిన్ వాళ్ళు ఎందుకొస్తారు?

విన్సెంట్ ఫెర్రర్ గారి వల్ల. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టారు, కుర్రాడిగా ఉండగానే సివిల్ వార్‌లో రిపబ్లిక్ వైపు సైన్యంలోకి తీసుకున్నారు, ఎబ్రో నది యుద్ధంలో ఉన్నారు, ఓడిపోయాక సరిహద్దు దాటితే ఫ్రాన్స్‌లో ముళ్ళకంచె క్యాంపులో పెట్టారు. తర్వాత జెసూట్ల సభ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘంలో చేరి 1952లో ఇండియా వచ్చారు, మహారాష్ట్రలో మన్మాడ్ వైపు రైతులతో పని చేస్తుంటే అక్కడి పెద్దలకి నచ్చక 1968లో దేశం నుంచి పంపించారు, 1969లో తిరిగొచ్చి అనంతపురంలో ఆగారు, సభ వదిలేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ బావులు, చెక్‌డ్యాములు, బడులు, ఇళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి కట్టింది, ఎక్కువగా దళిత వాడల్లో, తండాల్లో. డబ్బు చాలావరకు స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా పంపేది, ఒక్కో కుటుంబం ఇక్కడ ఒక్కో పిల్లకో పిల్లాడికో అండగా. ఆ పిల్లల్ని చూడ్డానికే వాళ్ళు వచ్చేవాళ్ళు, ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. 2009లో ఆయన ఇక్కడే పోయారు, ఆ రోజు ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చాయి. మా వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ గోడ మీద దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో కనిపిస్తుంది, పూలదండతో.